పులియబెట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు (బెజవాడ, గుంటూరు ఎండల లెక్కతో)

పులియడానికీ పాడైపోవడానికీ తేడా ఏమిటి? రెండూ సూక్ష్మజీవుల పనేగా?

అవును, రెండూ వాటి పనే. తేడా అంతా ఏ జాతి ముందు పైచేయి సాధించిందన్న దాంట్లో ఉంది. పిండిలో, పాలలో, కాయల్లో ఉన్న చక్కెరల్ని లాక్టిక్ బ్యాక్టీరియా తింటే పులుపు పుడుతుంది. ఈస్ట్ తింటే ఆల్కహాలు, కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. ఈ రెండూ కాకుండా ప్రొటీన్ల మీద పడి కుళ్లబెట్టే జాతులు ముందు పెరిగితే కంపు, జిగురు, విరేచనాలు. మనం చేసే పనల్లా మంచివాటికి అనువైన పరిస్థితి కల్పించి, మిగతావాటికి చోటు లేకుండా చేయడమే. అందుకు చేతిలో ఉన్నవి నాలుగు: వేడి, ఉప్పు, గాలి తగలడం లేదా తగలకపోవడం, మొదట్లో వేసే తోడు. పులుపును కొలిచే అంకె పీహెచ్, పులుపు పెరిగేకొద్దీ అది దిగుతుంది. పీహెచ్ 4.6 కన్నా దిగితే బొటులిజం అనే ప్రాణాంతక ఆహార విషాన్ని కలిగించే బ్యాక్టీరియా పెరగజాలదు. ఈ ఒక్క అంకె గుర్తుపెట్టుకోండి, కింద చాలా జవాబులకు మూలం అదే.

పాలు పులవడం ప్రాణమున్న జీవుల పని అని లూయీ పాశ్చర్ 1857లో చూపించాడు. 1897లో ఎడ్వర్డ్ బూక్నర్ ఈస్ట్ కణాలను నలగ్గొట్టి, వడకట్టిన రసంతోనే చక్కెరను పులియబెట్టాడు. అంటే కణం బతికుండాల్సిన పని లేదు, దానిలోని ఎంజైములు చాలు. దానికి 1907లో నోబెల్ వచ్చింది.

వంటసోడా, ఈనో వేసి చేసిన ఇడ్లీ పులిసినట్టేనా?

కాదు. అక్కడ సోడా, ఆమ్లం కలిసి గ్యాస్ వదులుతాయి, అంతే. పొంగు వస్తుంది. పులుపు, వాసన, అరుగుదల రావు.

ఇడ్లీ పిండికి కచ్చితమైన కొలతలు చెప్పండి.

మన వైపు బియ్యం నానబెట్టి రుబ్బడం కన్నా ఇడ్లీ రవ్వ వాడకమే ఎక్కువ కాబట్టి ఆ లెక్కే ఇస్తున్నాం. పొట్టు తీసిన మినపగుండ్లు 200 గ్రాములు, ఇడ్లీ రవ్వ 400 గ్రాములు, ఉప్పు 15 గ్రాములు. గుండ్లు 4 గంటలు నానాలి. వేసవిలో అంతకన్నా ఎక్కువ నానితే నీళ్లే పులిసి వాసన వేస్తాయి, కనుక ఫ్రిజ్‌లో నానబెట్టడం మేలు. రవ్వను రెండు మూడు నీళ్లు పోసి కడిగి, గంటసేపు నానబెట్టి, పిడికిట గట్టిగా పిండి కలపాలి. పిండకుండా వేస్తే పిండి జారుగా అయిపోతుంది. తర్వాత దిద్దడం కష్టం.

రుబ్బేటప్పుడు 300 మిల్లీలీటర్ల చల్లని నీళ్లు కొంచెం కొంచెంగా పోయాలి. గ్రైండరులో 25 నుంచి 30 నిమిషాలు. మిక్సీలో అయితే రెండు నిమిషాలకోసారి ఆపండి. జారు పట్టుకుంటే చేతికి వెచ్చగా తగిలిందంటే ఆలస్యమైనట్టే. వేడికి మినప్పప్పులోని ప్రొటీను గాలిని పట్టుకునే గుణం కోల్పోతుంది. సరిగ్గా రుబ్బిందో లేదో తెలియాలంటే గిన్నెడు నీళ్లలో చిన్న చుక్క వేయండి. తేలితే చాలు. మునిగితే ఇంకో ఐదు నిమిషాలు తిప్పండి.

మినప్పప్పే ఎందుకు? కందిపప్పుతో ఎందుకు రాదు?

మినపలో నీటిలో జిగురుగా కరిగే పిండిపదార్థం ఒకటి, నురగను నిలబెట్టే గ్లోబ్యులిన్ ప్రొటీన్లు ఉన్నాయి. పులిసేటప్పుడు పుట్టిన గ్యాస్ బుడగలు వీటి మధ్య చిక్కుకుని బయటికి పోలేవు. కంది, శనగల్లో పులుపు వస్తుంది, పొంగు నిలవదు. పాతబడిన మినప్పప్పు కూడా ఇలాగే మొండికేస్తుంది. కొత్త పప్పు తెచ్చిన వారం ఇడ్లీ దూదిలా వచ్చి, అదే పప్పు ఏడాది తర్వాత రాయిలా వస్తే తప్పు మీ చేతిది కాదు.

పని చేసేవారిలో మొదటివాడు ల్యూకోనాస్టాక్ మెసెంటెరాయిడిస్ అనే బ్యాక్టీరియా. ఇది పప్పు మీదే ఉంటుంది, బయటినుంచి తోడు వేయక్కర్లేదు. లాక్టిక్ ఆమ్లంతో పాటు కార్బన్ డయాక్సైడ్ కూడా వదులుతుంది కాబట్టే పిండి పులవడమూ పొంగడమూ ఒకేసారి జరుగుతాయి. కాసేపటికి పులుపును ఎక్కువ తట్టుకునే లాక్టోబాసిల్లస్ జాతులు దాన్ని వెనక్కి నెట్టేస్తాయి. అప్పటికి పొంగు ఆగుతుంది, పులుపు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. రెండో రోజు పిండి పుల్లగా ఉండి కుంగిపోవడానికి కారణం ఇదే.

వంటల పుస్తకంలో రాత్రంతా అన్నారు. మా ఇంట్లో తెల్లారేసరికి పొంగి గట్టు మీద కారిపోయింది. ఎందుకు?

గడియారాన్ని నమ్మితే అంతే. 25 డిగ్రీలకూ 35 డిగ్రీలకూ మధ్య పులిసే వేగం దాదాపు రెట్టింపవుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు మనవాళ్లు, పిండి ఏం ఆగుతుంది? మే నెలలో వంటగది 36, 38 డిగ్రీల మీద ఉంటే ఐదారు గంటల్లోనే పిండి సిద్ధం. సాయంత్రం రుబ్బి రాత్రి పదింటికి ఫ్రిజ్‌లో పెట్టేయాలి. లేదంటే పడుకోబోయే ముందు రుబ్బాలి. సంక్రాంతి రోజుల్లో రాత్రి చలి 20 దగ్గరికి దిగితే అదే పిండికి 12 నుంచి 14 గంటలు పడుతుంది. అప్పుడు గిన్నెకు దుప్పటి చుట్టినా, దీపం వెలిగే ఓవెన్‌లో పెట్టినా సరిపోతుంది.

గిన్నె సగానికి మించి నింపకూడదు. పిండి ఒకటిన్నర నుంచి రెండింతలు అవుతుంది. గరిటె పక్కగా దింపి పైకి తీస్తే తేనెపట్టులా గదులు కనిపించాలి, చెవి దగ్గర పెడితే బుడగలు పేలే సన్నని చిటపట వినిపించాలి. ఆ దశలోనే ఆపాలి. కలియబెట్టకుండా అంచు నుంచి తీసుకుని వేస్తే ఇడ్లీ ఎత్తుగా వస్తుంది.

ఉప్పు ముందు వేయాలా, తర్వాతా?

ఎండాకాలం ముందే వేయండి. ఒకటిన్నర శాతం లోపు ఉప్పు మంచి బ్యాక్టీరియాను చంపదు, కొంచెం నెమ్మదింపజేస్తుంది. మే నెలలో మనకు కావలసింది అదే. చలికాలంలో పొంగాక వేయండి. అయోడిన్ ఉప్పు పులియనివ్వదన్న మాటలో నిజం లేదు. ఆ మోతాదు అయోడిన్‌తో తేడా కనిపించదు. ఇంకొకటి: స్పూన్ల కొలత నమ్మకండి. స్పూను కల్లు ఉప్పు, స్పూను మెత్తటి ఉప్పు బరువులో వేరు. ఊరగాయలకైతే తూకం తప్పనిసరి.

ఇడ్లీ బల్లపరుపుగా, గట్టిగా వస్తోంది. తప్పు ఎక్కడ?

పిండి పొంగలేదా, పొంగి కుంగిందా అన్నది ముందు చూడండి. పొంగకపోతే చలి, పాత పప్పు, మిక్సీ వేడి, ఈ మూడింటిలో ఒకటి. పొంగి కుంగితే ఎక్కువసేపు ఉంచారు. పొంగింది కానీ ఇడ్లీ మాత్రం అణిగిందంటే నీళ్లు ఎక్కువ, లేదా కుక్కరులో నీళ్లు మరగకముందే రేకులు పెట్టారు. చివరి కారణాన్ని ఎవరూ పట్టించుకోరు గానీ చాలా ఇళ్లలో జరిగేది అదే. ఆవిరి ఒక్కసారిగా తగిలితే బుడగలు వ్యాకోచించిన చోటే పిండి గట్టిపడి నిలబడుతుంది. మెల్లగా వేడెక్కితే గ్యాస్ జారిపోతుంది.

పులిసిపోయిన పిండిని ఏం చేయాలి?

బెజవాడలో ఈ ప్రశ్న అడగడమే వింత. పునుగులు. రెండో రోజు పిండిలో గుప్పెడు బియ్యప్పిండి లేదా కాస్త మైదా, జీలకర్ర, పచ్చిమిర్చి, ఉల్లి కలిపి గట్టిగా జారేలా చేసుకుని వేయిస్తే సాయంత్రం బండి మీద దొరికేదానికి ఏమాత్రం తీసిపోవు. పులుపు ఉంటేనే పునుక్కి రుచి. తాజా పిండితో చేస్తే చప్పగా, నూనె పీల్చి వస్తాయి. అయితే పుల్లగా ఉండటం వేరు, పాడవడం వేరు. మీద గులాబీ, నారింజ, నలుపు మచ్చలు కనిపిస్తే మచ్చ మేరకు తీసేసి మిగతాది వాడకండి. బూజు వేళ్లు కంటికి కనిపించేంత కన్నా లోతుకు పోతాయి. మొత్తం పారబోయండి.

కొట్లో కొన్న పిండి ప్యాకెట్ ఉబ్బింది. వాడొచ్చా?

ఉబ్బితే లోపల పులుస్తోందని అర్థం, అంతే. ఫ్రిజ్ ఆ పనిని నెమ్మదిస్తుందే గానీ ఆపదు. తేదీ దాటకుండా, వాసన పుల్లగా శుభ్రంగా ఉంటే పర్వాలేదు. కుళ్లు వాసన, రంగు మార్పు ఉంటే వద్దు.

పెరుగు గట్టిగా తోడుకోవడానికి కొలత?

పాలు పొంగాక సన్నని సెగ మీద ఇంకో ఐదారు నిమిషాలు ఉంచండి. ఇది సూక్ష్మజీవులను చంపడానికి మాత్రమే కాదు. 85 డిగ్రీల పైన పాలవిరుగుడు ప్రొటీన్లు విచ్చుకుని, పాలలోని ముఖ్య ప్రొటీను అయిన కేసీన్‌కు అతుక్కుంటాయి, పెరుగు నీళ్లు వదలకుండా గట్టిగా నిలబడేది వాటివల్లే. తర్వాత 40 డిగ్రీలకు చల్లార్చాలి, అంటే చిటికెన వేలు ముంచితే వెచ్చగా ఉండాలి, చురుక్కుమనకూడదు. అరలీటరుకు చలికాలం రెండు టీస్పూన్లు, వేసవిలో అర టీస్పూను తోడు. వేసవిలో పాలు ఇంకాస్త చల్లార్చి గది వేడికి వచ్చాకే తోడు వేసినా నష్టం లేదు.

పులుపు పెరిగి పీహెచ్ 4.6 చేరితే కేసీన్ మీద ఉండే విద్యుదావేశం తటస్థమై ఒకదానికొకటి అతుక్కుంటుంది. అదే గడ్డకట్టడం. మేలో 4 గంటలకు, జనవరిలో 8 నుంచి 10 గంటలకు ఈ స్థితి వస్తుంది. తోడుకున్నాక వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి. బయట ఉన్న ప్రతి గంటా పులుపే. గిన్నె కదపకండి, మధ్యలో వేలుపెట్టి చూడకండి.

పాల వెన్న శాతం కూడా లెక్కలోకి వస్తుంది. టోన్డ్ పాలలో 3 శాతం, స్టాండర్డైజ్డ్‌లో 4.5, ఫుల్ క్రీమ్‌లో 6. గేదె పాలతో పెరుగు గడ్డగా రావడానికి వెన్న ఒక్కటే కారణం కాదు, ప్రొటీను కూడా ఎక్కువ.

తోడు లేకపోతే మిరపకాయ తొడిమలు వేస్తే తోడుకుంటుందంటారు. నిజమేనా?

కొన్నిసార్లు నిజమే. తొడిమల మీద లాక్టిక్ బ్యాక్టీరియా ఉంటాయి. పది పన్నెండు తొడిమలు కడగకుండా వెచ్చని పాలలో వేస్తే చాలాసార్లు మెత్తగా, కొంచెం సాగుతూ తోడుకుంటుంది. కానీ తొడిమ మీద వేరే జాతులు కూడా ఉంటాయి కాబట్టి మొదటి పెరుగు తినకుండా, దానితో రెండో గిన్నె, దానితో మూడోది తోడు పెట్టండి. వాసన శుభ్రంగా ఉంటేనే మూడోది తినండి. గుంటూరు యార్డు ఊళ్లో ఉంది కదా అని ఎండు మిర్చి తొడిమలు తెచ్చి వేసేవాళ్లున్నారు. నెలల తరబడి గోతాల్లో ఉన్నవాటి మీద ఏం పెరిగిందో ఎవరికీ తెలియదు, వద్దు. పక్కింట్లో స్పూను తోడు అడగడం కన్నా సులువైన పద్ధతి మాత్రం ఇంకా రాలేదు.

ఎంతసేపు ఉంచినా పాలు తోడుకోవడం లేదు.

మొదటి అనుమానం వేడి: కాగే పాలలో తోడు వేస్తే అది చచ్చిపోతుంది. రెండోది చలి. మూడోది తోడు పాతబడటం. ఈ మూడూ కాకపోతే పశువుకు పొదుగు వాపుకు ఇచ్చిన యాంటీబయాటిక్ పాలలోకి వచ్చి ఉండొచ్చు. అది తోడులోని బ్యాక్టీరియాను కూడా చంపుతుంది. పాలవాణ్ని అడగండి. మందు వాడిన పశువు పాలు నిర్ణీత రోజులు అమ్మకూడదన్నది నియమం.

పెరుగు జిగటగా సాగుతుంటే ఆ జాతి చక్కెర జిగురును తయారుచేస్తోంది. హాని తక్కువే అయినా తోడు మార్చేయండి. లేకపోతే ప్రతిసారీ అదే వస్తుంది.

ఆవకాయ పులియబెట్టిందేనా?

చాలామంది అనుకునేంతగా కాదు. ఆవకాయ నిలవుండేది ప్రధానంగా ఉప్పు, మామిడికాయ పులుపు, ఆవపిండి ఘాటు, నూనె పొర వల్ల. ముక్కలు నాలుగు కొలతలైతే ఉప్పు, కారం, ఆవపిండి ఒక్కో కొలత. ఇంత ఉప్పులో బ్యాక్టీరియా బహు నెమ్మదిగా పనిచేస్తుంది. జాడీలో బుడగలొచ్చి, నూనె పొంగి, వాసన మారిందంటే అది పులిసినట్టే, కానీ ఆవకాయకు అది లోపం. ఉప్పు తగ్గించారన్నమాట, లేక ముక్కలు తడిగా ఉన్నాయి. ముక్కలు మునిగేదాకా నూనె పోయడం గాలి తగలకుండా, బూజు పుట్టకుండా.

ఇక్కడో హెచ్చరిక. నూనె గాలిని అడ్డుకుంటుంది, పులుపు లేకుంటే అదే ప్రమాదం. గాలి లేని చోట, పులుపు లేని చోట బొటులిజం బ్యాక్టీరియా పెరుగుతుంది. మామిడి, నిమ్మ, ఉసిరి, చింతపండు ఉన్న ఊరగాయలకు భయం లేదు. వట్టి వెల్లుల్లిని నూనెలో ముంచి నెలల తరబడి బయట పెట్టడం మాత్రం ఎప్పుడూ చేయకండి. నిమ్మరసమో చింతపండో చాలినంత ఉండాలి.

పండుమిరప పచ్చడి?

గట్టిగా, ఎర్రగా పండిన కాయలు కేజీ. తొడిమతోనే కడగాలి. తొడిమ తీసి కడిగితే లోపలికి నీళ్లు పోయి అక్కడే కుళ్లు మొదలవుతుంది. బట్ట మీద నీడన పూర్తిగా ఆరనిచ్చి అప్పుడు తొడిమలు తీయండి. కల్లు ఉప్పు 200 గ్రాములు, గింజ లేని చింతపండు 250 గ్రాములు, పసుపు ఒక స్పూను. కాయల్ని ఉప్పుతో కచ్చాపచ్చాగా దంచి, సగం జాడీలో వేసి, మధ్యన చింతపండు పెట్టి, మిగతా సగం పైన కప్పాలి. మూతికి బట్ట కట్టండి, బిగుతు మూత వద్దు. మూడో రోజుకు చింతపండు ఉప్పునీటిలో నాని మెత్తబడుతుంది, అప్పుడు తీసి రుబ్బుకోవాలి. మెంతిపొడి, పోపు వాడుకునే కొంతలో మాత్రమే.

ఇందులో పులుపు చాలావరకు చింతపండుదే. ఉప్పు దాదాపు 14 శాతం కాబట్టి మొదటి రెండు మూడు రోజులు కనిపించే బుడగలు ఉప్పును ఓర్చుకునే కొన్ని జాతుల పని. ఉప్పు సగానికి తగ్గించి బయట పెడితే వారంలో పొంగుతుంది. తక్కువ ఉప్పు కావాలంటే ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

చల్ల మిరపకాయలు తెల్లబడకుండా నల్లగా అయ్యాయి. ఏం తప్పు జరిగింది?

పుల్లమజ్జిగ చాలలేదు, లేదా మబ్బు పట్టి సరిగ్గా ఎండలేదు. కారం తక్కువున్న లావుపాటి పచ్చిమిర్చి కేజీ, బాగా పులిసిన మజ్జిగ లీటరు, ఉప్పు 100 గ్రాములు. ప్రతి కాయకూ నిలువుగా గాటు పెట్టండి, లేకపోతే మజ్జిగ లోపలికి పోదు. రెండు రాత్రులు పూర్తిగా మునిగి ఊరాలి. మూడో రోజు నుంచి పగలు ఎండలో, రాత్రి మళ్లీ అదే మజ్జిగలో. మజ్జిగ మొత్తం కాయలు పీల్చేదాకా ఇలాగే. చివరికి విరిస్తే పుటుక్కున విరగాలి. మెత్తగా వంగితే లోపల తడి ఉన్నట్టు, డబ్బాలో బూజు ఖాయం. ఏప్రిల్, మే ఎండ దీనికి వరం, తొలకరి పడ్డాక మొదలుపెట్టకండి.

మిరపకు సంబంధించి ఇంకో సంగతి: సరిగ్గా ఎండని కాయల్లో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు అఫ్లాటాక్సిన్ విషం తయారుచేస్తుంది. ఊరబెట్టినా, వేయించినా అది పోతుందన్న నమ్మకం లేదు. లోపల తెల్ల బూజు, నలుపు ఉన్న కాయను దులిపి వాడటం ఆదా కాదు.

కూరగాయ ముక్కల్ని వట్టి ఉప్పునీటిలో పులియబెట్టొచ్చా?

పెట్టొచ్చు. క్యారెట్, దోసకాయ, కాలీఫ్లవర్, ముల్లంగి. లీటరు నీటికి జనవరిలో 30 గ్రాములు, మేలో 50 గ్రాముల ఉప్పు. ముక్కలు నీటి పైకి తేలకుండా చిన్న పింగాణీ పళ్లెం బరువుగా పెట్టాలి, తేలిన ముక్కకే బూజు పడుతుంది. ఎండాకాలం మూడు నాలుగు రోజులు, చలికాలం వారం. పీహెచ్ కాగితం కెమికల్ షాపుల్లో దొరుకుతుంది, 4 దగ్గర కనిపిస్తే ఫ్రిజ్‌కు మార్చండి. మీద తెల్లని పలుచని పొర కడితే అది ఒక రకం ఈస్ట్, తీసేసి వాడొచ్చు. పొర ఉన్నిలా లేచినా, రంగు తేలినా బూజు, అంతా పారబోయాలి. మన దోసకాయ ఎండల్లో మెత్తబడుతుంది, ముక్క మరీ చిన్నగా కోయకండి.

చద్దన్నం తింటే రక్తం పడుతుందని, ఇనుము ఇరవై రెట్లు పెరుగుతుందని మెసేజీలు వస్తున్నాయి.

పులియబెడితే ఇనుము పుట్టదు. అది మూలకం, బ్యాక్టీరియా తయారు చేయలేదు. గిన్నెలో ఉన్నంతే ఉంటుంది. నిజం ఏమిటంటే గింజల్లో ఇనుమును పట్టి ఉంచే ఫైటిక్ ఆమ్లం పులిసేటప్పుడు కొంత విరుగుతుంది, అందువల్ల ఉన్న ఇనుము ఒంటికి ఎక్కువ పడుతుంది. మేలు ఉంది, కానీ ఆ లెక్కలో కాదు.

జాగ్రత్త మాత్రం తప్పదు. అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా విత్తనాలు (స్పోర్లు) ఉడికినా చావవు. గోరువెచ్చని అన్నం గంటల తరబడి మూతపెట్టి ఉంటే అవి మొలిచి విషం తయారుచేస్తాయి, మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. అందుకే అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో త్వరగా చల్లార్చి, చల్లని నీళ్లు, రెండు గరిటెల పుల్లమజ్జిగ, ఉప్పు కలిపి ఉంచండి. మజ్జిగ వేయడం పైకి రుచికే అనిపిస్తుంది గానీ పులుపు త్వరగా పుట్టించి రక్షణ ఇచ్చేది అదే. తరవాణి కుండలో పాత పులుపునీళ్లు కొంచెం ఉంచడం వెనక కూడా ఇదే సూత్రం. మే నెలలో రాత్రి తొమ్మిదింటి అన్నం ఉదయం ఆరు, ఏడుకి తినేయాలి, మధ్యాహ్నం దాకా ఆగకూడదు.

ఇడ్లీ ప్రోబయోటిక్ అంటారు కదా?

ఆవిరి మీద ఉడికాక బతికున్న బ్యాక్టీరియా మిగలదు. ఇడ్లీ మేలు వేరే రకం: పిండి, ప్రొటీను ముందే కొంత విరిగి తేలిగ్గా అరుగుతుంది. బతికున్న బ్యాక్టీరియా కావాలంటే పెరుగు, మజ్జిగ, తరవాణి, ఉప్పునీటి ముక్కలు. పాలు పడనివారికి పెరుగు పడటానికి కారణం కూడా బ్యాక్టీరియాయే. అది లాక్టోజును కొంత తినేసి, మిగిలింది కడుపులో విరగడానికి ఎంజైము వెంట తెస్తుంది.

నీరా, కల్లు ఒకటే చెట్టు నుంచి వస్తాయి కదా, తేడా ఎప్పుడొస్తుంది?

ముంతలో పడ్డ క్షణం నుంచే. తాటి నీరాలో పదో వంతుకు పైగా చక్కెర. గాలిలో, ముంతలో, గెల కోసిన చోట ఉన్న ఈస్ట్, జైమోమోనాస్ బ్యాక్టీరియా వెంటనే పనిలో దిగుతాయి. ముంత లోపల సున్నం పూస్తే పులవడం ఆగి నీరా తియ్యగా ఉంటుంది. సున్నం లేకపోతే ఎండలో కొన్ని గంటలకే నాలుగైదు శాతం ఆల్కహాలున్న కల్లు, మర్నాటికి వెనిగర్ వాసన.

లెక్క చూస్తే 180 గ్రాముల గ్లూకోజు నుంచి 92 గ్రాముల ఆల్కహాలు, 88 గ్రాముల కార్బన్ డయాక్సైడ్. ఆ 88 గ్రాములు మన ఎండల్లో దాదాపు 50 లీటర్ల గ్యాస్. గట్టి మూత బిగించిన గాజు సీసాలు ఎందుకు పేలతాయో అర్థమైందనుకుంటాం. ఇంట్లో మద్యం తయారుచేయడం లైసెన్సు లేకుండా నేరం, కాబట్టి ఆ వంటకం అడగకండి. తెల్లగా, తీపిగా, మత్తెక్కువగా అమ్మే కల్లులో మత్తుమందులు కలిపే అలవాటు ఉంది, రుచి చూసి కనిపెట్టలేరు.

పశువుల దాణాకు పాతర గడ్డి (పులియబెట్టి నిల్వచేసే పచ్చిమేత) ఎలా వేయాలి?

మొక్కజొన్న గింజ పాలు గట్టిపడే దశలో కోసి, ఒకటి రెండు సెంటీమీటర్ల ముక్కలు చేయాలి. తేమ 65 నుంచి 70 శాతం ఉండాలి. పిడికిట బిగించి వదిలితే ముద్ద మెల్లగా విచ్చుకోవాలి, చేయి తడవాలి, నీరు మాత్రం కారకూడదు. అదే సరైన తేమ. నీరు కారితే ఒకపూట వాడబెట్టండి. పొరలు పొరలుగా వేసి ట్రాక్టరుతో తొక్కించి, గాలి చొరకుండా పాలిథీన్ కప్పి మట్టి లేదా టైర్లు పెట్టాలి. కనీసం 45 రోజులు. తెరిచాక ఆకుపచ్చ పసుపు రంగు, పులుపు వాసన, పీహెచ్ 4 దగ్గర ఉంటే మంచిది. వెన్న కుళ్లిన వాసన వచ్చిందంటే తడి ఎక్కువైంది, నల్లగా కాలినట్టుంటే గాలి చొరబడింది. రోజూ ఒకే అంచునుంచి అరచేయి మందంగా కోసి, మళ్లీ మూయండి.

పొలానికి పోసే జీవామృతం కూడా పులియబెట్టడమేనా?

అవును. 200 లీటర్ల నీళ్లు, ఆవుపేడ 10 కేజీలు, మూత్రం 10 లీటర్లు, బెల్లం 2 కేజీలు, పప్పుపిండి 2 కేజీలు, గట్టు మట్టి గుప్పెడు. నీడలో, గోనెసంచి కప్పి, రోజుకు రెండు పూటలా కర్రతో కలపాలి. ఎకరాకు 200 లీటర్లు. వేసవిలో 48 గంటలకే వాడాలి, వారం దాటితే కుళ్లు వాసనే మిగులుతుంది. డ్రమ్ముకు మూత బిగించకండి, గ్యాస్ పొంగి బయటకొస్తుంది. గుంటూరు వైపు మిర్చి చేలల్లో దీన్ని చాలామంది వాడుతున్నారు. ఇందులోని పోషకాలు నేరుగా ఎరువు మోతాదుకు సరిపోవని, మట్టిలోని జీవులకు తిండి పెట్టడమే దీని పని అని తెలిసి వాడండి.

గోబర్ గ్యాస్ వేరే దారి. అక్కడ గాలి అసలు ఉండకూడదు. పేడ, నీళ్లు సమానంగా కలిపి పోయాలి, 25 కేజీల పేడకు దాదాపు ఒక ఘనపు మీటరు గ్యాస్. నిమ్మచెక్కలు, పచ్చడి, పుల్లటి మజ్జిగ గుంటలోకి పోస్తే పీహెచ్ 6.8 కన్నా దిగి మీథేన్ తయారుచేసే సూక్ష్మజీవులు పని ఆపేస్తాయి, మంట పడదు. అప్పుడు వంటింటి వ్యర్థాలు ఆపి, పేడ మాత్రమే వేస్తూ వారం పది రోజులు ఓపిక పట్టాలి.

మందులు కూడా ఇలాగే తయారవుతాయా?

పెద్ద పెద్ద ఉక్కు తొట్లలో, అవును. పెన్సిలిన్ అలా వచ్చిందే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికా మందుల కంపెనీ లెడర్లీ లాబొరేటరీల పరిశోధనకు పెద్దగా ఉన్న కాలంలోనే అక్కడి బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కనుగొన్నారు, 1948లో లోకానికి ప్రకటించారు. మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ జాతి ఇచ్చిన మందు అది. 1982 నుంచి మానవ ఇన్సులిన్ కూడా జన్యువు మార్చిన సూక్ష్మజీవుల పెంపకంతో వస్తోంది. నిమ్మ ఉప్పుగా అమ్మే సిట్రిక్ ఆమ్లంలో నిమ్మకాయ పాత్ర దాదాపు సున్న, అది ఆస్పర్జిల్లస్ నైగర్ అనే బూజు చక్కెర నుంచి చేసిపెట్టేది.

ఏ పాత్ర వాడాలి?

పింగాణీ జాడీ, గాజు, స్టీలు. ఉప్పుతో నెలలు ఊరేవాటికి స్టీలు కూడా వద్దు, చిన్న చిన్న గుంతలు పడతాయి. రాగి, ఇత్తడి, అల్యూమినియం పులుపుతో కరిగి తిండిలో కలుస్తాయి, కళాయి ఉన్నా రాత్రంతా ఉంచకండి. పెరుగుకు మట్టి పిడత బాగుంటుంది. అది నీరు పీల్చి పెరుగును ఇంకాస్త గట్టిపరుస్తుంది, గోడలు చెమర్చి చల్లగా ఉంచుతుంది. వాడినదాన్ని సబ్బుతో కాకుండా సలసల కాగే నీళ్లతో కడిగి ఎండలో బోర్లించండి. సబ్బు మట్టి రంధ్రాల్లో ఉండిపోయి తర్వాతి పెరుగులో వాసన వేస్తుంది.